కరెంటు గడిలో సున్న

నా కోడలు జూనియర్ డాక్టరు. మూడేళ్ల పై చదువుకు ఆమెకు హైదరాబాద్‌లో ఒక సీటు, మా గోదావరిఖనిలో ఆమె పనిచేసే పెద్ద దవాఖానలోనే ఒక సీటు అందే అవకాశం ఉన్నదని తెలిసిన రోజున నేను ఒక తెల్ల కాగితం తీసుకొని మధ్యగా నిలువు గీత గీశాను. ఎడమవైపు మా ఊరి పేరు, కుడివైపు రాజధాని పేరు రాశాను. కాగితానికి పక్కన స్కేలు, దాని పక్కన రబ్బరు, పెన్సిలు పెట్టుకున్నాను. ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పిన చేతికి అంతకంటే వేరే పద్ధతి తెలియదు.

జూనియర్ డాక్టరుకు ప్రభుత్వం ఇచ్చే స్టైపెండ్ రెండు ఊళ్లలోనూ ఒక్కటే. రాబడి మారనప్పుడు ఖర్చును పోల్చి చూడటమే మిగులుతుంది. ఏ సీటును ముందు కోరుకుంటున్నారో కంప్యూటర్‌లో వరుసక్రమంలో నమోదు చేయాలి. దానికి గురువారం సాయంత్రం దాకా గడువు ఉన్నది. ఆమె మా ఊరిని ముందు పెడితే ఇంట్లో ఇద్దరం ఉంటాం. హైదరాబాద్‌ను ముందు పెడితే నేను ఒక్కదాన్ని ఉంటాను. ఈ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. దీని గురించి మేము మాట్లాడుకోలేదు. బియ్యం ధర, గ్యాసు ధర, ఆటో చార్జీలు మాట్లాడుకున్నాం.

అప్పటికి మా అబ్బాయి పోయి మూడో నెల.

మంథనిలో పుట్టిన నేను పెళ్లయి బొగ్గు గనుల కంపెనీ క్వార్టరులోకి వచ్చాను. మావారు సర్వేయరు. నేను కంపెనీ బడిలో లెక్కల ఉపాధ్యాయినిగా చేరి ప్రధానోపాధ్యాయినిగా పదవీ విరమణ చేశాను. మావారు రిటైరై ఆ క్వార్టరును అప్పగించే నాటికి మా అబ్బాయి అండర్ మేనేజరై తన పేరున ఇంకొకటి తీసుకున్నాడు. క్వార్టర్ల లైను మారింది గాని మా అలవాట్లు మారలేదు. మావారు పోయినప్పుడు కూడా ఆ ఇంట్లోనే ఉన్నాం. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగినప్పుడు అలమరలో గిన్నెలు కదిలేవి. ఆ వేళకు నేను గ్లాసులను ఒకదానికొకటి తగలకుండా దూరంగా జరిపి పెట్టేదాన్ని.

మా లైనులో ఒక నియమం ఉన్నది. గుమ్మం బయట డ్యూటీ బూట్లు విడిచి ఉంటే లోపల రాత్రి షిఫ్టు చేసిన మనిషి నిద్రపోతున్నాడని అర్థం. అప్పుడు ఆ ఇంటి ముందు పిల్లలు ఆడరు. పాలవాడు గంట కొట్టడు. లోపల ఆడవాళ్లు కుక్కరుకు విజిల్ పెట్టరు. ఇది ఎవరూ రాసి పెట్టినది కాదు. అయినా నేను చూసిన నియమాలన్నింటిలోకీ దీన్నే అందరూ తప్పకుండా పాటించారు.

ఆ రోజు మా అబ్బాయి రాత్రి షిఫ్టు చేసి వచ్చాడు. బూట్లు బయట విడిచాడు. రెండు గరిటెల ఉప్మా తిని, “అమ్మా, రెండింటికి లేపకు, నేనే లేస్త” అని గది తలుపు వేసుకున్నాడు. నేను అన్నం గంజి వార్చి వండాను, చప్పుడు కాకుండా. మూడు దాటాక కోడలు డ్యూటీ నుంచి వచ్చి లేపబోయింది. నిద్రలోనే గుండె ఆగిందని, ఆగి చాలా సేపయిందని ఆమే చెప్పింది. తర్వాత జరగవలసినవి జరిగాయి. ఆమె అప్పుడు పనిచేస్తున్న పెద్ద దవాఖానకే, ఆ క్యాజువాలిటీకే తీసుకుపోయారు. ప్రాణం లేదని చీటీ మీద రాసింది ఆమెతో కలిసి డ్యూటీ చేసే అమ్మాయి.

మా ఇద్దరికీ ఏడుపు రాలేదని లైనులో అనుకున్నారు. అనుకున్నది నిజమే.

హైదరాబాద్ ధరలు తెలుసుకోవడానికి అక్కడ బ్యాంకులో పనిచేస్తున్న నా పూర్వ విద్యార్థికి ఫోను చేశాను.

“నమస్తే టీచర్. ఒక్క నిమిషం టీచర్.” కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

“ఎందుకు లేచావు?”

“మీతోని కూసొని మాట్లాడుడు అలవాటు లేదు టీచర్.” వెనుక ఎవరో ఆడమనిషి నవ్వింది. అతని భార్య కావచ్చు.

“ఒక డాక్టరమ్మాయికి దవాఖానకు నడిచిపోయే దూరంలో ఇల్లు కావాలి. అద్దె ఎంత ఉంటుంది?”

“నడిచిపోయే దూరమంటే హైదరాబాద్‌ల అర్థం వేరే ఉంటది టీచర్. గంట బస్సు ఎక్కితె అది దగ్గర. సింగిల్ బెడ్రూం పన్నెండు, పదమూడు వేలు పెట్టుకోండ్రి. రెండు నెల్ల అడ్వాన్సు. మెయింటెనెన్సు వేరే. నీళ్ల బిల్లు వేరే.”

“నీళ్లకు బిల్లా?”

“నీళ్లకే టీచర్. ఎండకాలం ట్యాంకర్ తెప్పిస్తరు, దానికి మళ్ల వేరే పంచుతరు.” అతను కొంచెం ధైర్యం తెచ్చుకున్నాడు. “క్వార్టర్ల పెరిగినోళ్లకు ఇవి తెల్వయి టీచర్. నేను కొత్తగ ఈడికి వచ్చినప్పుడు మనింట్ల లెక్కనే కరెంటు హీటర్ మీద వంట చేయించిన. మొదటి బిల్లు చూసి మా ఆమె పుట్టింటికి పోత అన్నది.”

“ఇప్పుడు దేనిమీద వండుతున్నారు?”

“గ్యాసు మీద టీచర్. మా ఆమె ఈన్నే ఉన్నది.”

మళ్లీ నవ్వు వినిపించింది. నేను మెయింటెనెన్సు, నీళ్లు, ట్యాంకరు అని మూడు అడ్డు వరుసలు గీసి కుడివైపు నింపాను. కూర్చొమ్మని చెప్పి ఫోను పెట్టేశాను.

ఆటో చార్జీ అడిగినప్పుడు కోడలు చెప్పిన అంకె నాకు సరిగా తోచలేదు.

“మన లైను నుంచి దవాఖానకు అంత ఎందుకవుతుంది?”

“వెనుక గేటు దాక పోతున్న అత్తమ్మా. చుట్టు తిరిగి పోవాలె, ఎక్కువ అడుగుతడు.”

“ముందు గేటు ఉండగా వెనుక గేటు ఎందుకు?”

ఆమె పళ్లెంలో అన్నం కలుపుతున్నది. “ముంగట క్యాజువాలిటీ ఉంటది” అన్నది. పప్పు ఇంకొంచెం వేసుకున్నది.

నేను ముందు గేటు చార్జీనే రాశాను. అవసరమైన దూరం అంతే గనుక.

రామకృష్ణాపూర్ నుంచి ఆమె తండ్రి ఫోను చేసేవాడు. బాయిలో బొగ్గు కొట్టి రిటైరైన మనిషి. కోడలు స్పీకరు పెట్టి మాట్లాడేది గనుక నాకూ వినిపించేది. “హైదరాబాద్‌ల ఏమున్నది బిడ్డ, పొగ తప్ప?” అనేవాడు. “ఈడ లేదా బాపు?” అంటే, “ఈడిది పొగ గాదు, దుమ్ము. మన దుమ్ము మనకెరుకే” అనేవాడు. ఆ నెలల్లో ఆమె పెదవులు కొంచెం కదలడం నేను చూసింది ఆ మాటకే.

ఎడమవైపు కూరగాయల గడి చాలా రోజులు ఖాళీగా ఉండిపోయింది. మా లైనుకు గంపతో వచ్చే ఆమె కనిపించడం మానేసింది. మేము ఉన్న పప్పులతో, పచ్చళ్లతో గడుపుతున్నాం. పక్కింటి ఆమెను అడిగాను. ఆమె భర్త గనిలో బొగ్గు మోసే డంపర్ ఆపరేటరు. ఆమె గొంతు ఆ డంపరును దాటి వినిపిస్తుంది.

“కూరగాయలామె ఎందుకు రావడం లేదు?”

“అయ్యో, రోజు వస్తది గదా టీచరమ్మా! మీ ఇల్లు దాటినంక కేకేస్తది. మీ గుమ్మంల బూట్లున్నయాయె. నైట్ షిఫ్టోళ్లు పన్నరనుకుంటది. పాతామె మానేసింది, గీమె కొత్తగ వస్తున్నది, తెల్వదు...” అని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. కొంగు తీసి, “లోపట పెట్టుండ్రి టీచరమ్మా. నేను పెట్టాల్నా?” అన్నది. ఆ మాట ఆమె మెల్లగా అనడం నేను మొదటిసారి విన్నాను.

“వద్దు” అన్నాను.

వెళ్లి చూశాను. ఎడమ బూటు కొంచెం వంకరగా ఉన్నది. పైన దుమ్ము పట్టి రెండూ ఒకే రంగుకు వచ్చాయి. రోజూ ఆ గుమ్మం ఊడుస్తున్నాను. బూట్ల చుట్టూ ఊడ్చి వదిలేస్తున్నాను. అలా చేస్తున్నానని అప్పటిదాకా నేను గమనించలేదు.

మరునాడు ఆమె వచ్చే వేళకు గుమ్మంలో నిలబడి చేయి ఊపాను. ఆమె గంప దించి దగ్గరకు వచ్చి, బూట్ల వైపు ఒకసారి చూసి, గుసగుసగా, “బెండకాయ పావుకిల ఇరవై అవ్వా. వంకాయ మంచిగున్నది, దానికీ గంతే” అన్నది. నేను కూడా గుసగుసగానే టమాట ధర అడిగాను. చిల్లర చప్పుడు కాకుండా ఆమె నా అరచేతిలో ఒక్కొక్క నాణెం పెట్టింది. లోపలికి వచ్చి గడి నింపాను.

పట్టిక పూర్తయింది. రెండువైపులా కూడి, మళ్లీ కింది నుంచి పైకి కూడి సరిచూశాను. గోదావరిఖనిలో నెల ఖర్చు హైదరాబాద్ ఖర్చులో సగం కూడా లేదు. సాయంత్రం కోడలు రాగానే టీ ఇచ్చి, కాగితం ఆమె ముందు పెట్టాను. ఇందులో చర్చకు తావు లేదని నాకు అనిపించింది.

ఆమె రోగి రిపోర్టు చూసినట్టుగా పైనుంచి కిందికి చూసింది. ఒకచోట వేలు ఆగింది.

“అత్తమ్మా, గీ గడిల సున్న ఏంది?”

“కరెంటు.”

“గిది?”

“నీళ్లు. కరెంటు పైది ఇంటి అద్దె. కింద ఉన్నది మందులూ వైద్యమూ. కంపెనీ దవాఖానలో మనకు ఖర్చు లేదు గదా.”

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. “క్వార్టరు ఆయన పేరు మీద ఉండె అత్తమ్మా.”

“అవును.”

“మరి?”

నేను స్కేలును కాగితం అంచుకు జరిపాను. ఆమె నెమ్మదిగా, ఇంట్లో ఎవరో నిద్రపోతున్నట్టుగా చెప్పింది. “ఖాళీ చెయ్యాలని లెటర్ వచ్చింది గదా. దవాఖాన కార్డు గూడ ఆయన కార్డే.”

లెటరు రాలేదని కాదు. దాన్ని అందుకొని సంతకం చేసింది నేనే. ఫైలులో తేదీ వరుసన పెట్టింది నేనే. గడువు ఎప్పటితో ముగుస్తుందో నన్ను అడిగితే చెప్పేదాన్ని. అయినా పట్టిక గీయడానికి కూర్చున్నప్పుడు అద్దె, కరెంటు, నీళ్లు, వైద్యం అని నాలుగు వరుసలు రాసి, ఎడమవైపు నాలుగు సున్నలు చుట్టాను. చేయి ఆగలేదు. క్వార్టరులో పెళ్లి కూతురిగా కాలుపెట్టిన నాటి నుంచి ఆ నాలుగింటికీ నేను డబ్బు తీసి ఇచ్చిన సందర్భం లేదు. జీతంలో ఎక్కడో ఏ కొద్దిపాటి కోతో ఉండేదేమో, అది చూసుకునేది డ్యూటీకి పోయే మనిషి. ముందు మావారు చూసుకున్నారు. తర్వాత మా అబ్బాయి చూసుకున్నాడు. నేను వేసిన ఆ సున్నలు వాడు ఇంకా డ్యూటీకి పోతున్నాడనే లెక్కన వేసినవి.

బడిలో ఇలాంటి లెక్క చేసిన పిల్లను నేను బల్ల ఎక్కించి నిలబెట్టేదాన్ని.

కోడలు కాగితం నా వైపు జరిపింది. లేచి వెళ్లి, పగలంతా వెలుగుతున్న వరండా లైటు ఆర్పింది. మా లైనులో ఆ లైట్లు ఎవరూ ఆర్పరు. మిగతా ఇళ్ల ముందు అన్నీ వెలుగుతూనే ఉన్నాయి.

బుధవారం పొద్దున గొడుగు తీసుకొని కాలనీ దాటి ఊళ్లోకి వెళ్లాను. అద్దెకు ఇల్లు ఎంత అని జీవితంలో మొదటిసారి ఒకరిని అడిగాను. కిరాణా దుకాణం వెనుక సందులో రెండు గదుల భాగం ఖాళీగా ఉన్నది. ఇంటి యజమానురాలు మెట్ల మీద కూర్చొని చింతపండు గింజలు తీస్తున్నది.

“ఎవలెవలుంటరమ్మా?”

“ఇద్దరు ఆడవాళ్లం. నా కోడలు డాక్టరు.”

“మంచిగున్నది. అర్ధరాత్రి కడుపునొస్తె ఫికర్ లేదు. మరి కంపెనీల డ్యూటీ ఎవలిది?”

నేను గొడుగు ముడుస్తున్నాను.

“ఏమనుకోకుండ్రి, కంపెనీ జీతమున్నోళ్లకే ఇస్తున్న. జీతం పడంగనే కిరాయిస్తరు, మాట రాదు. ఎవలు చేస్తరు డ్యూటీ?”

“ఎవరూ లేరు” అన్నాను. గొడుగు పట్టీకి గుండీ పెట్టాను. “ఇదివరకు ఉండేవారు.”

ఆమె గింజలు తీయడం ఆపి నా ముఖం చూసింది. మా ఊళ్లో ఆ మాటకు ఎవరూ వివరం అడగరు. “పింఛను వస్తదా అమ్మా?” అన్నది.

“వస్తుంది.”

“గంతేనాయె. వచ్చి చూసుకోండ్రి. కిరాయి అయిదున్నర. నీళ్లకు నూటయాభై. గిదో, మీ మీటర్ వేరే ఉన్నది, నాతోని లొల్లి లేదు. ఎంత కాలిస్తె గంత మీరే కట్టుకుంటరు.”

మీటరును దగ్గరగా చూశాను. కళ్లద్దాలు సవరించుకొని అంకె చదివి కాగితం మీద రాసుకున్నాను. అడ్వాన్సు ఇచ్చాను. ఇవ్వాలని ఇంటి దగ్గర అనుకోలేదు. సంచిలో పింఛను డబ్బు ఉన్నది, ఇచ్చాను.

ఇంటికి వచ్చి నాలుగు సున్నలనూ రబ్బరుతో చెరిపాను. చెరిపినచోట కాగితం పలచబడింది. అంకెలు వేశాను. ఆటో వరుసలో ముందు గేటు చార్జీ కొట్టేసి వెనుక గేటు చార్జీ రాశాను. కూడితే గోదావరిఖనిలోనే ఇంకా తక్కువ. మొదట ఉన్నంత తేడా లేదు గాని, తేడా ఉన్నది.

గురువారం మధ్యాహ్నం బ్లాస్టింగు అయిపోయాక కోడలు భోజనం బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచింది. నేను పక్కన నిలబడ్డాను. తెర మీద ఊళ్లు వరుసగా ఉన్నాయి. గోదావరిఖని మొదటిది.

“ఇది ఎప్పుడు పెట్టావు?”

“నిన్న.”

“లెక్క మారింది.” కొత్త కాగితం ఇచ్చాను.

ఆమె చూసింది. “మారినా మన ఊరే తక్కువ గదా అత్తమ్మా. మీరే అంటిరి, తక్కువున్నదే ముందు పెట్టాలని.”

“అన్నాను.”

“మరి గిట్లనే ఉండనీయుండ్రి.”

ఆమె ముఖంలో ఏమీ లేదు. నా ముఖంలో కూడా ఉండి ఉండదు. ఆ ఇంట్లో మూడు నెలలుగా మేము అలాగే ఉన్నాం. ఆమె ఉండిపోతానంటున్నది. నేను కోరుకున్నదీ అదే. కాగితం మడిచి సరేనంటే సరిపోయేది.

“వెనుక గేటు చార్జీ మూడేళ్లు ఎవరు ఇస్తారు?” అన్నాను.

ఆమె తల ఎత్తింది. బయట పక్కింటి ఆమె ఎవరినో తిడుతున్నది, నీళ్లు పట్టుకునే వంతు గురించి.

“మీరేం చేస్తరు?” అన్నది కోడలు.

“ఆ రెండు గదులు మాట్లాడి అడ్వాన్సు ఇచ్చి వచ్చాను. నాకు సరిపోతాయి.”

ఆమె పైదాన్ని కిందికి జరిపింది, కిందిదాన్ని పైకి తెచ్చింది. వరుస సరిగా ఉన్నదో లేదో చూడమని తెరను నా వైపు తిప్పింది. చూశాను. సరిగా ఉన్నదని చెప్పాను. ఆమె బటన్ నొక్కింది.

క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు సామాను నేనే వరుసగా కట్టించాను. గాజు వస్తువులు ముందు, ఇత్తడి వెనుక. బూట్లను చివరికి ఉంచాను. బ్రష్షు తెచ్చి దుమ్ము దులిపి, ఎడమదీ కుడిదీ జత చేసి, బియ్యం సంచిలో పెట్టి మూతి కట్టాను. కోడలు ఆ సంచిని ఆటోలో తన కాళ్ల దగ్గర పెట్టుకున్నది. కోరిన సీటే అందింది గనుక ఆ వారంలోనే ఆమె హైదరాబాద్ వెళ్లింది.

ఇప్పుడు నెలకొకసారి నాకు కరెంటు బిల్లు వస్తుంది. మొదటి బిల్లు ఇచ్చిన మనిషి నా చేతిలో పెట్టి వెళ్లిపోతుంటే ఆపి, కొత్త రీడింగులో నుంచి పాత రీడింగు తీసివేసి చూశాను. “తప్పుండదమ్మా, మిషన్ కొడ్తది” అన్నాడతను. “తీసివేత ఎవరైనా సరిచూడాలి” అన్నాను. సరిగానే ఉన్నది. పక్కగదిలో ఫ్యాను ఊరికే తిరుగుతున్నది, వెళ్లి ఆపాను.

బిల్లు వచ్చిన రోజు కోడలు ఫోను చేస్తుంది.

“మీకెంతొచ్చింది అత్తమ్మా?”

చెబుతాను.

“నాకు మీ అంతకు మూడింతలు. ముగ్గురం పంచుకుంటున్నం. కూలరు పెట్టిండ్రు. ట్యాంకరుకు వేరే అడుగుతున్నరు.”

“ట్యాంకరును ఎంతమందికి పంచుతున్నారు?”

చెబుతుంది. నేను కుడివైపు రాసుకుంటాను. పట్టికకు ఇంకొక కాగితం అతికించాను. ఎవరూ దేనినీ ఎంచుకోవలసిన అవసరం లేదు గనుక ఇప్పుడు తేడా తీయడం లేదు. రెండువైపులా నింపుతున్నాను.

మొన్న అలాగే మాట్లాడుకుంటుండగా సందులో కూరగాయల ఆమె వచ్చింది. ఇది వేరే ఆమె. గొంతు పెద్దది. సరిగ్గా మా కిటికీ కింద నిలబడి బెండకాయ, దొండకాయ అని కేక వేసింది.

“ఎవరు అత్తమ్మా, గంత గట్టిగ?”

“కూరగాయలామె.”

“బెండకాయ పావుకిల ఎంతకిస్తున్నది?” అని అడిగింది.

“ఉండు, కనుక్కొని చెబుతాను” అని, ఫోను పెట్టేయకుండా కిటికీ తలుపు తీశాను.